కుక్కను వదలుట వేఱు, అప్పగించుట వేఱు

ఒక పనికి మంచి పేరు పెట్టినంతమాత్రమున నది మంచిపని కానేరదు. పెంచిన కుక్కను వదలించుకొనుటకు మన సీమలో నిప్పుడు మంచి పేళ్లు చాల వాడుకలోనికి వచ్చినవి. "ఎవరికో యిచ్చితిమి" అందురు. "మంచిచోట విడిచితిమి" అందురు. "ఆశ్రమమువారికి ఒప్పగించితిమి" అందురు. ఆ యెవరో యెవరు, ఆ మంచిచోట దాని ముందు ముద్ద వేయువా రెవరు, ఒప్పగించినప్పుడు పుచ్చుకొన్న చేయి యెవరిది అని యడిగినచో మాత్రము ప్రత్యుత్తరము రాదు. ప్రత్యుత్తరము రాని యీ ప్రశ్నలను గూర్చియే మేము వ్రాయదలచితిమి.

కొత్తచెరువు ధర్మవరము, పెనుకొండ, పుట్టపర్తి దారులు కలియు కూడలి. దారులు కలియుచోట మనుష్యులు దిగుదురు, ఎక్కుదురు. వారు దింపి మఱచి పోవునవియు నుండును. బస్సులు నిలుచుచోట కొంతసేపు నిలిచి చూచువారికి రెండు విధములైన కుక్కలు కనబడును. మొదటిది ఊరికుక్క. దానికి తన హోటలు తెలియును, తన యంగడి యరుగు తెలియును, రాయి విసరు చేయి యేదో రొట్టెముక్క వేయు చేయి యేదో తెలియును. రెండవది వదలబడిన కుక్క. దాని మెడచుట్టును పట్టెడ యొరసినచోట వెండ్రుక లింకను మొలచి యుండవు. అది వచ్చిన ప్రతి బండియొద్దకును పరుగెత్తి తలుపువంక చూచును. దిగినవారు తనవారు కానందున వెనుకకు మరలును. ఊరికుక్క యట్లు తలుపులవంక చూడదు. ఈ రెండవదానిని దింపి పోయినవారును ఇంటికి పోయి, "పాపము, మంచిచోటనే విడిచితిమి" అని చెప్పుకొని యుందురు.

కుక్కను పరుల కియ్యవలసిన యవసరము ఎవరికిని రాకూడదని మేము చెప్పము. అట్లు చెప్పువారు కరవు నెఱుగనివారు. వానలు తప్పి వేరుశనగ చేతికి రాని యేట మన పల్లెలలో కుటుంబమునకు కుటుంబము బెంగళూరికి కూలికి పోవును. అచ్చట దొరకునది రేకుల గది. కట్టడపు పని ముగిసినచో నా గదియు నుండదు. పిల్లలనే అవ్వతాతలయొద్ద విడిచి పోవువారు కుక్కను వెంటబెట్టుకొని పోజాలరు. ఇంటి పెద్ద చనిపోవును. ఆయన చేతి యన్నము తప్ప మఱొకటి ముట్టని కుక్క మిగులును. ధర్మవరమున నేతపనివాని యింటిలో నొక గది నిండ మగ్గమే యుండును; అచ్చట పట్టుదారము పాడుకాకుండ కుక్కపిల్లను పెంచుట కష్టము. ఇట్టివారు కుక్క నియ్యదలచినచో వారిని నిందించుటకు మన కధికారము లేదు. మా వివాదము వీరితో గాదు.

మా వివాదము మూడు తెగలవారితో. పట్టణమునకు పోయి, జాతికుక్కపిల్ల యందమును జూచి, వేలకు వేలు పోసి కొని తెచ్చి, అది పెద్దదై యన్నము హెచ్చుగా దినుట యారంభించినతోడనే విసిగికొనువారు మొదటి తెగ. మంచుదేశపు దట్టమైన బొచ్చుగల హస్కీని తెచ్చి మన వైశాఖపు టెండలో మేడమీద కట్టివేయువారును ఈ తెగలోనివారే. ఈనిన కుక్క పిల్లలలో మగవానిని పేరు పెట్టి పంచి, ఆడవానిని గోనెసంచిలో మూట గట్టి పొలిమేర దాటించువారు రెండవ తెగ. ఆడపిల్ల పుట్టిన నిట్టూర్చు నలవాటు మన యిండ్లలో నెంత లోతుగా నాటుకొన్నదో యీ గోనెసంచియే చెప్పుచున్నది. సంతాననిరోధక శస్త్రచికిత్స యొక్కటి చేయించినచో నా సంచి యక్కఱయే యుండదు. కఱచు కుక్కను, కఱచునను మాట దాచి, ఎఱుగని యింటికి అంటగట్టువారు మూడవ తెగ. వీరిని గూర్చి ముందు చెప్పుదుము.

మన పూర్వులు సొత్తు చేతులు మారుటలో భేదములను చక్కగా నెఱిగినవారు. దానము వేఱు, నిక్షేపము వేఱు. దాన మిచ్చినవానికి ఇచ్చిన వస్తువుపై స్వత్వము తీరిపోవును. దానిని గూర్చి మరల నడుగుట తప్పు. నిక్షేప మట్లు గాదు. అది నమ్మి యప్పగించుట. పుచ్చుకొన్నవాడు దానిని కాపాడవలయును. ఇచ్చినవాడు దానిని గూర్చి యడుగవలయును. మనుస్మృతి వ్యవహారపదములను పదునెనిమిదిగా విభజించి, ఋణాదానము తరువాత రెండవ స్థానమును నిక్షేపమునకే యిచ్చినది. ఎట్టివానియొద్ద నిక్షేపింపవలయునో గూడ చెప్పినది. మనువు చెప్పినవన్నియు మాకు గ్రాహ్యములు గావు. కాని యీ భేదము మాత్రము గ్రాహ్యము. రాగిబిందెను ఒకరియింట దాచునప్పుడే వారి నడవడిని విచారించు మనము, ఆకలియు భయమును గల జీవిని అప్పగించునప్పుడు వారి వీధి పేరైన నడుగము. కుక్క నిచ్చుట దానము గాదు, నిక్షేపము. ఈ వ్యాసమున మేము స్థాపింపదలచిన ముఖ్యాంశ మిదియే.

దీనికి ప్రతిగా పండితులు కొందఱు మహాప్రస్థానమునందలి ధర్మరాజును చూపుదురు. స్వర్గమునైన విడిచెదను గాని నన్నాశ్రయించిన కుక్కను విడువనన్న ధర్మరాజును పొగడుచు, కుక్క నియ్యదలచిన పేదవానిని "నీవు ధర్మమును తప్పితివి" అని గద్దింతురు. వీరు కథను సగమే చదివిరి. ఆ మంచుకొండమీద ధర్మరాజు వదలిపెట్టినచో నా కుక్కను పుచ్చుకొనువా రెవ్వరును లేరు. ఆయన నిరాకరించినది ఆశ్రితత్యాగమును. వేఱొక మంచి యింట అప్పగించుటను గాదు. ఆ పండితులే భారతము మొదటను చూడవచ్చును. జనమేజయుని సత్రయాగమున ఏ తప్పును చేయని సరమ కొడుకును జనమేజయుని తమ్ములు కొట్టిరి. తల్లి వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమని యడిగినది. వా రుత్తర మియ్యలేదు. కుక్కజాతి తల్లి శాపమునకు రాజు కలత చెందవలసివచ్చెను. మహాభారత మాదిని ఒక కుక్కకు న్యాయము జరుగలేదన్న ఫిర్యాదును, అంతమున ఒక కుక్కను విడువరాదన్న పట్టుదలను నిలిపినది. మనమో భైరవుని వాహనమునకు, దత్తాత్రేయుని పాదములయొద్ద నున్న నాలుగు కుక్కలకు పటములో పూలు పెట్టి, వాకిట నిలిచినదానిపై రాయి విసరుదుము.

"ఎక్కడ విడిచినను కుక్క బ్రతుకును, అది దాని స్వభావము" అనుట రెండవ వాదము. ఇది కుక్క స్వభావము నెఱుగనివారి మాట. కుక్కకు పొలిమేర గలదు. ఒక వీధి కుక్కలు క్రొత్తదానిని రానీయవు. ఇంటిలో పెరిగిన కుక్కకు పోరాటము తెలియదు, కుప్పతొట్టిలో వెదకికొని తినుట తెలియదు, లారీ వేగము తెలియదు. ఈ పొలిమేర సంగతి నెఱిగియే 2001లోను, మరల 2023లోను కేంద్రప్రభుత్వము చేసిన నియమములలో, వీధికుక్కను పట్టి శస్త్రచికిత్సయు టీకాయు చేసిన తరువాత పట్టినచోటనే విడువవలయునని వ్రాసిరి. వీధికుక్కకే చోటు మార్చుట హింస యైనప్పుడు, ఇంటికుక్కను పరాయి కూడలిలో దింపుట దయ యెట్లగును?

చోటు మార్చి చేతులు దులుపుకొనిన దాని ఫలము ప్రపంచ మొకప్పుడు చూచినది. 1910లో కాన్‌స్టాంటినోపుల్ నగరపు కుక్కలను, చంపుట పాపమని తలచియో యేమో, ఓడల కెక్కించి మర్మరా సముద్రములోని నిర్జనద్వీపమున విడిచిరి. అన్నములేక, నీరులేక వేలకు వేలు కుక్కలు అచ్చట చచ్చినవి. ఆ పనికి నాయకులైనవారును "మేము చంపలేదు, తరలించితిమి" అనియే చెప్పవచ్చును. కాని తిండి నీరు లేనిచోటికి తరలించుట, కత్తి లేకుండ చంపుటయే.

బస్సుస్టాండులోనైన, స్టేషనులోనైన ప్రయాణికులు బిస్కత్తులు వేయుదురను ధీమాకును ఇక నాధారము లేదు. 2025 ఆగస్టు 11వ తేదీని సుప్రీంకోర్టు ధర్మాసన మొకటి ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కల నన్నిటిని ఆశ్రయశాలలకు తరలింపు డనెను. ఆగస్టు 22వ తేదీని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము దానిని సవరించి, పిచ్చియెత్తినవియు దుడుకుతనము గలవియు తప్ప మిగిలినవానిని శస్త్రచికిత్సయు టీకాయు చేసి పట్టినచోటనే విడువు డనెను. కోరినవారు వీధికుక్కలను పెంపునకు దీసికొనవచ్చుననియు, తీసికొన్నవి మరల వీధికి రాకుండ చూచు బాధ్యత వారిదే యనియు చెప్పెను. నవంబరు 7వ తేదీని పాఠశాలలు, ఆసుపత్రులు, క్రీడాప్రాంగణములు, బస్సుస్టాండులు, రైలుస్టేషనులు మొదలగు చోట్లనుండి కుక్కలను తొలగించి, మరల నచ్చట విడువరాదని యాజ్ఞాపించెను. ఈ యాజ్ఞల మంచిచెడ్డలను గూర్చి వాదము వేఱు. పెంపునకు దీసికొన్నవాడు కుక్కను మరల వీధిపాలు చేయరాదన్న యొక్క మాటను మాత్రము మన సీమవారందఱును గోడమీద వ్రాసికొనవలయును. వీధినుండి తెచ్చినవానికే యీ బాధ్యత యున్నప్పుడు, వెల యిచ్చి కొనితెచ్చినవానికి లేకుండునా?

మూడవ వాదము మిక్కిలి వ్యాప్తిలో నున్నది: "పుట్టపర్తిలో జంతువులను చూచువారున్నారు గదా, అచ్చట విడిచిన వారే చూచుకొందురు." ఉన్నమాట నిజమే. నెదర్లాండ్సునుండి వచ్చి స్థిరపడిన క్లెమెంటీన్ పావ్స్ అను నామె 2000లో పుట్టపర్తియందు కరుణా సొసైటీని స్థాపించెను. ఆవుల కడుపులలో ప్లాస్టిక్కు సంచులు చేరి యవి చచ్చుచున్నవని 2012లో సుప్రీంకోర్టువఱకు పోయినది ఆ సంస్థయే. దెబ్బతిన్న జంతువులకు, రోగముగల జంతువులకు నట్టి సంస్థ లేర్పడినవి. ఇంగ్లండులో మేరీ టీల్బీ యను నామె 1860లో లండనునందు దిక్కులేని కుక్కలకు నిల్లు పెట్టినప్పుడును, తరువాత నది బాటర్సీకి తరలినప్పుడును, ఉద్దేశము దిక్కులేనివానికి దిక్కగుటయే. దిక్కున్నదానిని దిక్కులేనిదానిగా జేసి వాకిట కట్టివేసి పోవుటకు ఆశ్రయశాల లేర్పడలేదు. ఆరోగ్యముగల నీ కుక్క యాక్రమించిన చోటు, కాలు విఱిగి దారిప్రక్కన పడియున్న వేఱొక కుక్కది. పుణ్యక్షేత్రమునకు వచ్చి కొన్ని నెలలుండువారు కుక్కను మచ్చిక చేసికొని, దిన మిన్ని మార్లు తిండి పెట్టి, పోవు దినమున వెనుదిరిగి చూడక పోవుటయు ఇట్టిదే. మచ్చిక చేయుట యొక మాట యిచ్చుట. నిలుపలేని మాట నియ్యకుండుటయు ధర్మమే.

ఇక నిజముగా కఠినమైన నిర్ణయములకు వత్తము.

ఎవరి కియ్యవలయునను ప్రశ్న మొదటిది. ఇచ్చట కుక్కప్రేమికులలోనే యొక దోషము కలదు. ప్రహరీగోడ గలదా, సొంత యిల్లా, నెలజీత మెంత యని పట్టిక పెట్టి, లేనివారి నందఱను త్రోసివేయుదురు. మేము దీనిని సమ్మతింపము. మేడమీద గొలుసుతో కట్టివేయబడి నెలకొకసారి వీధి చూచు కుక్క కంటె, గొఱ్ఱెలమందవెంట పగలంతయు దిరిగి, కాపరి తిను రాగిసంగటిలో పాలు పంచుకొని, రాత్రి కంబళిప్రక్కన పండుకొను కుక్క సుఖి. అడుగవలసినది గోడ యున్నదా యని గాదు: పగలు దానియొద్ద నెవరుందురు, ఇంటి స్త్రీ కిది సమ్మతమా, మునుపు పెంచిన కుక్క యేమైనది యని. ఈ కడపటి ప్రశ్నకు వచ్చు జవాబు తక్కిన జవాబు లన్నిటి కంటెను విలువగలది. ఇంటి స్త్రీ సమ్మతి నేల యడుగవలయు ననువా రుందురు. వండి పెట్టునది యామె; ఆమె నడుగకుండ పురుషు డరుగుమీద గూర్చుండి పుచ్చుకొన్న కుక్కకు నెల తిరుగకముందే మరల గోనెసంచి సిద్ధమగును.

ఎప్పు డియ్యవలయునను ప్రశ్న రెండవది. కన్నులు తెఱచిన పిల్లలను తెఱచినట్లే పంచిపెట్టుట మన యాచారము. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదని 2017 నాటి ప్రభుత్వనియమములు చెప్పుచున్నవి. తల్లియొద్దను తోడి పిల్లలయొద్దను ఆ వారములలోనే పిల్ల యెంత గట్టిగ కఱచిన నొప్పి కలుగునో నేర్చుకొనును. అది నేర్వని పిల్లయే పెద్దదై "కఱచు కుక్క" యను పేరు దెచ్చుకొని, చేతినుండి చేతికి మారును.

మూడవది సత్యమును గూర్చినది. ఇచ్చట ప్రాణములే పణము. కుక్క మనుష్యుని కఱచినచో దానిని పది దినములు కట్టి, కనిపెట్టి చూడవలయునని వైద్యులందఱును చెప్పుచున్నారు. పిచ్చిరోగమున్నచో కఱచునాటికే చొంగలో విషము చేరియుండును గనుక, ఆ కుక్క పది దినములలో రోగలక్షణములు చూపి చచ్చును. బ్రతికి యారోగ్యముగ నున్నచో కఱపువలన నా రోగము రాదు. కఱపు పడినవాడు మాత్రము ఆ పది దినములు కాచుకొనియుండరాదు. గాయమును సబ్బుతో బాగుగ కడిగి, వెంటనే టీకాకు పోవలయును. రోగము పైబడిన తరువాత మందు లేదు. ప్రపంచమున రేబీసువలన కలుగు మరణములలో నూటికి 36 వంతున భారతదేశముననే యని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఇట్లుండగా కఱచిన మఱునాడే భయపడి కుక్కను పెనుకొండ దారిలోనో, హిందూపురము బస్సుదగ్గఱనో వదలివచ్చువాడు చేయున దేమి? కఱపు పడినవానికి తెలియవలసిన సంగతిని దారిపాలు చేయుచున్నాడు; అన్యగ్రామమునకు అపాయమును పంపుచున్నాడు. కఱచిన కుక్కను పది దినములలోపల చేయి దాటించుట కేవలము నిర్లక్ష్యము గాదు. అది పరప్రాణములతో జూదము.

పది దినములు గడచినవి, రోగము లేదని తేలినది. కాని కుక్క కఱచుట మానలేదు. ఇప్పు డేమి చేయవలయును? మొదట పశువైద్యునికి చూపవలయును. చెవిపోటో, కీలునొప్పియో కఱపునకు కారణము గావచ్చును. ఎల్లప్పుడు కట్టివేయుట కారణమైనచో విప్పవలయును. పిల్లలు లేని యింటివారు, ఉన్నదున్నట్లు విని, తెలిసి పుచ్చుకొనుటకు సమ్మతించినచో ఇయ్యవచ్చును. ఇవన్నియు నిష్ఫలమై, పసిపిల్లలపైకి దుముకు కుక్క మిగిలినచో, పశువైద్యుని నిర్ణయముతో, నొప్పిలేకుండ, పెంచినవాని చేయి దాని తలమీద నుండగా దానికి శాశ్వతనిద్ర కల్పించుట, నిజమును దాచి మఱొక యింటి కంపుటకంటె తక్కువ పాపమని మేము చెప్పుచున్నాము. ఈ మాట కొందఱికి కటువుగా దోచును. 1926లో అహ్మదాబాదు మిల్లు యజమాని యొకరు అఱువది వీధికుక్కలను చంపించినప్పుడు ఇట్టి చర్చయే లేచినది. అహింసనే వ్రతముగా గైకొన్న గాంధీగారు యంగ్ ఇండియా పత్రికలో వరుసగా వ్రాసి, దిక్కులేక తిరుగు కుక్కలు సంఘముయొక్క దయకు గాక యజ్ఞానమునకును అలసత్వమునకును గుర్తులని, గత్యంతరము లేనిచోట చంపుటయు చిన్నపాపము గావచ్చునని చెప్పి, దేశమునలుమూలలనుండి నిందలను భరించిరి. నాడు లేని టీకాలును శస్త్రచికిత్సలును నేడు మనకున్నవి; కావున చంపు నవసరము నేడు మిక్కిలి తక్కువ, తొందరపడి యా మార్గమును త్రొక్కుట మహాపాపము. కాని తన చేతికి మచ్చ యంటకుండుటకై మఱొకరి బిడ్డను పణము పెట్టుట యహింస గాదు, పిఱికితనము.

నాలుగవది ముసలి కుక్క సంగతి. పదేండ్లు వాకిలి గాచినదానిని, కన్ను మసకబాఱినదని యిచ్చివేయుట కెట్టి కారణమును చాలదు. క్రొత్తచోటు నేర్చుకొనుటకు దానికి కాలము లేదు. బెంగళూరికి పోవు కుటుంబమైనను అవ్వతాతలయొద్ద దానికొక మూల, రాగి కొనుటకు నెలకింత సొమ్ము ఏర్పఱచి పోవలయును. పింఛను ముసలివారికే గాని ముసలి కుక్కకేల యని నవ్వువారు నవ్వవచ్చును.

చట్ట మేమి చేయుచున్నదని యడుగుదురు. జంతువును, ఆకలిదప్పులకు లోనగు స్థితిలో, తగిన కారణము లేక వదలివేయుట నేరమని 1960 నాటి జంతుహింసానివారణ చట్టము చెప్పుచున్నది. మొదటి తప్పునకు శిక్ష పది రూపాయలకు తగ్గక ఏబది రూపాయలకు మించని జరిమానా. కుక్కను బెంగళూరినుండి తెచ్చి దింపుటకయిన బస్సుచార్జి యంతకంటె నెక్కువ. ఇట్టి చట్టమువలన దండింపబడుదు నన్న భయ మెవనికి గలుగును? కావున చట్టము మారునందాక ఊరే తన కట్టుబాటును చేసికొనవలయును.

ఆ కట్టుబాటు పెద్దది గాదు. పంచాయతీ కార్యాలయమున నొక పుస్తకము పెట్టవలయును: ఏ యింటి కుక్క, ఏ యింటికి, ఏ దినమున, టీకా వేసిరా, శస్త్రచికిత్స చేసిరా, ఎవరినైన కఱచినదా యని యాఱు గడులు. శస్త్రచికిత్స చేయింపక యే కుక్కనైన నియ్యరాదు. ఇచ్చిన తరువాత పదునైదవ దినమున నొకసారి, మూడవ నెలలో నొకసారి ఇచ్చినవాడు పోయి చూచి రావలయును. పుచ్చుకొన్నవాడు పెంచలేకపోయినచో మొదటివానికే తిరిగి యియ్యవలయునుగాని మూడవవానికి చెప్పకుండ నియ్యరాదు. మొదటివాడు తీసికొనలేనన్నచో, ఇద్దఱును గలిసి మూడవ యిల్లు వెదకవలయును.

"అయ్యవారూ, మూగజీవి కింత వ్రాతకోత లేల?" అని యడుగువారున్నారు. మూగజీవి గనుకనే. నోరున్నవాడు తన్నెవ రిచ్చిరో, ఎందుకిచ్చిరో, ఎట్లు చూచుచున్నారో తానే చెప్పుకొనును. నోరులేనిదాని పక్షమున సాక్ష్యము చెప్పుటకు కాగితమైన నుండవలయును. సరమ తన బిడ్డకొఱకు రాజసభకు వచ్చి యడుగగలిగెను. మన కూడలిలోని కుక్క యడుగలేదు. అడుగలేనివానికి ముందుగనే యుత్తరము సిద్ధపఱచుటయే నాగరకత. ఆ యుత్తరము సిద్ధముగా లేనివాడు కుక్కను ఇయ్యనేల? అంతకుముందు తేనేల?